బీకాం చదివి డెవలపర్ కావచ్చా? కోర్సు బోర్డుల మీద రాయని సంగతులు

మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు కుదించి చెప్తాను. బీకాం కంప్యూటర్స్ పూర్తయి రెండేళ్లయింది. ఇంటర్ సీఈసీ. ఇప్పటిదాకా నాన్నగారి ఎరువుల కొట్టు చూసుకుంటున్నారు. లెక్కలంటే భయం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే టెన్షన్. అమీర్‌పేటలో నాలుగు నెలల జావా ఫుల్ స్టాక్ కోర్సులో చేరిపొమ్మని స్నేహితులు అంటున్నారు. మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించి ఉద్యోగం చూపిస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోంది. ఏఐ వచ్చాక ఇంకా కోడింగేమిటి, కొట్టు చూసుకోమని మీ బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి అన్నది ప్రశ్న.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా డెవలపర్‌గా పనిచేస్తున్నాను, ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేయడం కూడా నా పనిలో భాగమే. నాకు అర్థమైనంతవరకు మీకు సలహా ఇచ్చినవాళ్లంతా ఉద్యోగం ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నదే మాట్లాడారు. ఉద్యోగంలో కూర్చున్నాక చేసే పని ఏమిటో ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ రంగం మీద ఉన్న అపోహల్లో సగానికి పైగా అక్కడే పుడతాయి, కాబట్టి నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

డెవలపర్ అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకా కోడ్ కొట్టే మనిషి అని చాలామంది ఊహ. నిజానికి కొత్త కోడ్ రాసే సమయం తక్కువ. నాలుగేళ్ల కిందట ఎవరో రాసిపెట్టి వెళ్లిపోయిన కోడ్ చదవడం, ప్రోగ్రాము నడుస్తూ రాసిపెట్టే లాగ్స్ వెతకడం, "కస్టమర్‌కి బిల్లు రెండుసార్లు పడింది" అని వచ్చిన టికెట్‌కి (ఫిర్యాదుకు) అసలు కారణం పట్టుకోవడం, పట్టుకున్నాక మూడు లైన్లు మార్చడం, ఆ మూడు లైన్ల వల్ల ఇంకెక్కడా ఏమీ చెడలేదని టెస్టులు రాసి చూపించడం, ఎందుకు మార్చామో తోటివాళ్లకు అర్థమయ్యేలా రాయడం, వాళ్లు రివ్యూలో అడిగినవాటికి జవాబివ్వడం. రోజులో ఎక్కువ భాగం ఇదే. మూడు లైన్ల మార్పుకు రెండు రోజులు పట్టడం మా దగ్గర వింతేమీ కాదు. మేనేజర్లకు కూడా ఈ సంగతి తెలుసు. తెలియని మేనేజర్లూ ఉంటారు, అది వేరే కథ.

ఈ పని ఎలా ఉంటుందో చూపించడానికి మీ కొట్టు లెక్కే తీసుకుంటాను. రైతు జూన్‌లో యూరియా, డీఏపీ బస్తాలు అప్పు మీద తీసుకెళ్తాడు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. సంక్రాంతికి కొంత కడతాడు, మిగతాది ఉగాదికి అంటాడు. ఈ ఖాతా పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఇందులో ఏముంది, అసలును వడ్డీతో, నెలలతో గుణిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. రాయడం మొదలుపెట్టండి, ప్రశ్నలు వరస కడతాయి.

సంక్రాంతికి కట్టిన డబ్బు ముందు వడ్డీకి జమ చేయాలా, అసలుకా? మీ నాన్నగారు ఎలా చేస్తారు? అందరికీ ఒకేలా చేస్తారా, పాత ఖాతాదారులకు వేరేగానా? జూన్ 20న తీసుకుని జనవరి 14న కడితే ఆరు నెలల ఇరవై అయిదు రోజులు. దాన్ని ఏడు నెలలు అంటారా, రోజుల లెక్క కడతారా? జనవరి 31న తీసుకున్నవాడికి నెల నిండేది ఫిబ్రవరి ఎన్నో తారీఖున? ఖాతాలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే ఏ బస్తా ఎవరిది? ఫోన్ నంబరుతో గుర్తుపడదామంటే, రైతు నంబరు మార్చేస్తాడు, తండ్రీకొడుకులు ఇద్దరూ ఒకే నంబరు ఇస్తారు. పొరపాటున ఎక్కించిన ఎంట్రీని తుడిచేయాలా? ఈ చివరి ప్రశ్నకు జవాబు మీకు ఇప్పటికే తెలుసు. లెక్కల పుస్తకంలో తుడవరు, ఎదురు ఎంట్రీ వేస్తారు. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ కూడా అదే చేస్తుంది. బీటెక్ నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్లకు ఇది మేం కూర్చోబెట్టి నేర్పించాల్సి వస్తుంది.

ప్రోగ్రామింగ్‌లో అసలు కష్టం ఈ ప్రశ్నలు ముందే కనిపెట్టడంలో ఉంది. జవాబులు తేలిపోయాక కోడ్ రాయడం మిగిలిన చిన్న పని. చిన్నదే అయినా అందులోనూ గుంతలుంటాయి. జావాలోనైనా పైథాన్‌లోనైనా 0.1 + 0.2 ఎంత అని అడిగి చూడండి, 0.30000000000000004 అంటుంది. యంత్రం చెడిపోలేదు. అది భిన్నాలను బైనరీలో, అంటే సున్నాలు ఒకట్లతో, దాచుకుంటుంది, పదో వంతు అన్నది బైనరీలో ఖచ్చితంగా ఇమడదు. అందుకే డబ్బు లెక్కల్లో రూపాయలను దశాంశాలతో ఉంచకుండా పైసలుగా మార్చి పూర్ణసంఖ్యలుగా దాస్తారు, లేదంటే డెసిమల్ రకం వాడతారు. ఇది తెలియకుండా రాసిన బిల్లింగ్ ప్రోగ్రాము ఏదో ఒక నెల చివర పైసల్లో తేడా చూపిస్తుంది. ఆ తేడా ఎక్కడిదో వెతకడానికి ఒక మనిషికి ఒక రోజు పోతుంది.

ఇప్పుడు చెప్పండి, పైన రాసినదాంట్లో మీరు భయపడే మ్యాథ్స్ ఎక్కడుంది? కూడికలు, శాతాలు, తేదీలు, "ఇలా అయితే అలా, లేకపోతే ఇలా" అనే తర్కం. వెబ్, బ్యాంకింగ్, ఇన్సూరెన్స్, బిల్లింగ్ రంగాల్లో రోజువారీ పనికి ఇది చాలు. ఇంటిగ్రేషన్ లెక్క చేసి టికెట్ మూసిన రోజు నా ఉద్యోగంలో లేదు. మ్యాథ్స్ నిజంగా కావాల్సిన చోట్లు ఉన్నాయి: మెషీన్ లెర్నింగ్ మోడళ్లు తయారుచేయడం, 3డీ గేమ్స్, క్రిప్టోగ్రఫీ. అక్కడ లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ లేకుండా ముందుకు పోలేరు. కానీ ఎంసెట్ ర్యాంకునూ కోడింగ్‌నూ ముడిపెట్టి చూడటం మనవాళ్లకు అలవాటైపోయింది, దానికి ఆధారమేమీ లేదు. ఒక్క మాట మాత్రం దాచకుండా చెప్పాలి. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్ద ప్రోడక్ట్ కంపెనీల ఇంటర్వ్యూల్లో డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు గట్టిగా అడుగుతారు. అది స్కూలు లెక్కల్లాంటిది కాదు, అయినా నెలల తరబడి సాధన లేకుండా రాదు. మీరు మొదటి ఉద్యోగానికి అక్కడ గురిపెట్టకండి. రెండో ఉద్యోగానికి పెట్టుకోవచ్చు.

ఇంటర్వ్యూ అన్నాను కాబట్టి నేను ఏం చూస్తానో చెప్తాను. ఇచ్చిన పేరును తిప్పి రాసే ప్రోగ్రాము రాయమనడం చాలా పాత ప్రశ్న, అందరూ బట్టీ పట్టి వస్తారు. రాసి చూపించాక "ఇదే ప్రోగ్రాముకి తెలుగులో రాము అని ఇవ్వండి" అంటాను. మనం అనుకునే జవాబు "మురా". మామూలుగా రాసిన ప్రోగ్రాము అలా ఇవ్వదు. కంప్యూటర్ లెక్కలో ఆ పేరులో ర, దీర్ఘం, మ, కొమ్ము అని నాలుగు ముక్కలున్నాయి. వాటిని వెనక్కి తిప్పితే కొమ్ము ముందుకొచ్చి అంటుకోవడానికి అక్షరం లేక గాల్లో వేలాడుతుంది, దీర్ఘమేమో మ పక్కకు చేరుతుంది. అలాగే "శ్రీ" మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు శ, వత్తు కోసం వాడే గుర్తు, ర, దీర్ఘ ఈకారం కలిపి నాలుగు. జవాబు తప్పొచ్చిందని నేను ఎవరినీ తీసేయను. ఆ వింత ఫలితం చూశాక అభ్యర్థి ఏం చేస్తాడన్నదే నాకు కావాలి. "సర్, ఇది సిలబస్‌లో లేదు" అని ఆగిపోయేవాళ్లున్నారు. "ఒక్క నిమిషం, విడివిడిగా ప్రింట్ చేసి చూస్తాను" అనేవాళ్లున్నారు. రెండో రకంవాళ్లతో పని చేయడం తేలిక.

ఇదేదో సరదా ప్రశ్న అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దెబ్బకు కుప్పకూలాయి. జ కింద ఞ వత్తు, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, ఆ పైన దీర్ఘం. ఈ వరసలో ఉన్న అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ మూసుకుపోయేది. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేశారు. అంత పెద్ద కంపెనీలో, అంతమంది పరీక్షించాక కూడా ఇలాంటిది జారిపోయింది. అక్షరాలు ఇంగ్లీషులోనే ఉంటాయని మనసులో పెట్టుకుని రాసిన కోడ్ మన పేర్ల దగ్గర తడబడటం నేను ఇప్పటికీ చూస్తుంటాను.

ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలన్నది అందరూ ఎక్కువగా తలపట్టుకునే ప్రశ్న, దీని మీద ఎక్కువ సమయం పెట్టొద్దు. పైథాన్ 1991లో వచ్చింది, జావా 1995లో. కోబాల్ అంతకు మూడు దశాబ్దాల ముందుది, ఇప్పటికీ బ్యాంకుల్లో నడుస్తూనే ఉంది. అమీర్‌పేట బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్ పోయి డాట్‌నెట్, డాట్‌నెట్ పోయి హడూప్, ఆ తర్వాత డెవాప్స్, ఇప్పుడు జెన్ ఏఐ. బోర్డు మారినప్పుడల్లా పరిగెత్తినవాళ్లకంటే ఒకదాన్ని లోతుగా పట్టుకున్నవాళ్లే కొత్తది తొందరగా నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో జావా ఎక్కువ కాబట్టి మీకైతే జావా అంటాను. దాంతోపాటు ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌లోంచి సమాచారం అడిగే భాష. ఫ్రెషర్లు దాన్ని తీసిపారేస్తారు, జావాకు పెట్టిన సమయంలో పదో వంతు కూడా పెట్టరు. ఉద్యోగంలో చేరాక మొదటి వారం నుంచే అవసరమయ్యేది అదే. ఖాతాలు, పద్దులు తెలిసిన మీకు టేబుళ్లు కొత్తగా అనిపించవు కూడా.

ఇక కోర్సు. అమీర్‌పేటను తిట్టేవాళ్లు చాలామంది, నేను తిట్టను. తక్కువ ఫీజుతో, తెలుగులో, ఓపిగ్గా చెప్పే మంచి ఫ్యాకల్టీ అక్కడున్నారు. మైత్రీవనం చుట్టుపక్కల చదువుకుని స్థిరపడ్డవాళ్లు దేశవిదేశాల్లో ఉన్నారు. కానీ "నాలుగు నెలల్లో ఫుల్ స్టాక్ డెవలపర్" అన్న మాట ప్రకటన వరకే. ఫుల్ స్టాక్ అంటే స్క్రీన్, సర్వర్, డేటాబేస్ మూడూ. నాలుగు నెలల్లో మూడింటి పేర్లు తెలుస్తాయి. ఒక్కొక్కటి చేతికి అలవాటు కావడానికి రోజూ కూర్చుంటే ఏడాది అనుకోండి, కొందరికి ఇంకాస్త. హాల్లో కూర్చుని సర్ రాసింది నోట్సులోకి ఎక్కించుకుంటే అన్నీ అర్థమైనట్టే ఉంటుంది. రూముకెళ్లి ఖాళీ ఫైలు తెరిచాక తెలుస్తుంది.

సర్టిఫికెట్ల సంగతీ అంతే. రెజ్యూమేలో పది సర్టిఫికెట్లు ఉన్నవాళ్లను చూశాను, వాటిలో ఒక్కదాని గురించి కూడా నేను ప్రశ్న అడగలేదు. ప్రాజెక్ట్ గురించి అడుగుతాను. అక్కడ చిక్కేమిటంటే ఒకే బ్యాచ్ నుంచి వచ్చినవాళ్లందరి దగ్గరా ఒకే ప్రాజెక్ట్ ఉంటుంది: ఆన్‌లైన్ షాపింగ్ కార్ట్, లేదంటే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఒకే టేబుల్ పేర్లు, ఒకే స్పెల్లింగ్ తప్పుతో సహా. "ఈ కాలమ్ తీసేస్తే ఏమవుతుంది?" అంటే మౌనం.

చేరాలనుకుంటే మూడు విషయాలు చూసుకోండి. "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అంటే మీ రెజ్యూమే నాలుగు చోట్లకు పంపుతామని మాత్రమే, ఉద్యోగం ఇప్పిస్తామని కాదు. "ఉద్యోగం వచ్చాకే ఫీజు" అనే చోట కాగితం మొత్తం చదవకుండా సంతకం పెట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరు అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా ఇవ్వకండి.

కన్సల్టెన్సీ గురించి మీరు మొహమాటపడుతూ అడిగారు. నేను మొహమాటం లేకుండా చెప్తాను: వద్దు. నీతులు చెప్పడానికి కాదు, అది ఎలా నడుస్తుందో తెలుసు కాబట్టి. ఏదో ఒక చిన్న కంపెనీ లెటర్‌హెడ్ మీద ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ తయారుచేసి ఇస్తారు. మీరు చేరిన కంపెనీ ఆ కాగితాలను బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీకి పంపుతుంది. వాళ్లు యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలకు ఇచ్చే నంబరు) మీద పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడిందా చూస్తారు, జీతం మీద పన్ను కట్టిన వివరాలుండే ఫారం 26ఏఎస్ లాంటివి అడుగుతారు. కొందరు ఆ పీఎఫ్ కూడా కట్టి చూపిస్తారని మీకు చెప్పి ఉంటారు. నిజమే, కడతారు. కానీ ఇలాంటి ఉత్తుత్తి కంపెనీల జాబితాలు హెచ్‌ఆర్‌ల దగ్గర ఉంటాయి. ఇవాళ జాబితాలో లేని పేరు ఏడాది తర్వాత చేరొచ్చు. అప్పటికి మీరు ఉద్యోగంలో బాగానే కుదురుకుని ఉంటారు. అయినా తీసేస్తారు, రిలీవింగ్ లెటర్ ఇవ్వరు, నిజంగా పనిచేసిన ఆ ఏడాది కూడా లెక్కలోకి రాకుండా పోతుంది. నకిలీ పత్రాలు వాడటం నేరం కూడా, కేసు అమ్మినవాడి మీదే కాదు, మీ పేరు మీదా పడుతుంది.

పట్టుబడలేదనుకుందాం. అసలు నరకం అప్పుడు మొదలవుతుంది. మూడేళ్లు చేసిన మనిషికి ఇచ్చే పని మొదటి వారమే మీ ముందు పెడతారు. చేయలేక "జాబ్ సపోర్ట్" వాళ్లను పట్టుకుంటారు. నెలనెలా డబ్బు తీసుకుని, రాత్రిపూట మీ స్క్రీన్ షేర్ చేయించుకుని మీ పని వాళ్లు చేసిపెట్టే వ్యాపారం అది. మన దగ్గర పెద్ద ఎత్తునే నడుస్తోంది. జీతంలో పెద్ద ముక్క దానికి పోతుంది. పైగా క్లయింట్ కోడ్, డేటా బయటివాడికి చూపించినట్టవుతుంది, అది ఉద్యోగం పోవడానికి విడిగా ఇంకో కారణం. పొద్దున మీటింగ్‌లో ఎవరైనా ఒక చిన్న ప్రశ్న వేస్తారేమోనని గుండె దడదడలాడుతూ బతకాలి. ఇలా రెండేళ్లు గడిపినవాళ్లకు కాగితం మీద అయిదేళ్ల అనుభవం ఉంటుంది, చేతిలో ఆరు నెలల పని కూడా ఉండదు.

"బ్యాక్‌డోర్" అని ఇంకో రకం ఉంది. డబ్బు కడితే నేరుగా కంపెనీలో కూర్చోబెడతామంటారు. అద్దె ఆఫీసు, ఐడీ కార్డు, మీ డబ్బులోంచే మీకు రెండు నెలల జీతం. మూడో నెల ఆఫీసుకు తాళం. మాదాపూర్ ప్రాంతంలో ఇలాంటివి పోలీసుల దాకా వెళ్లి పేపర్లలో వచ్చినవి చాలానే ఉన్నాయి. జీతం ఇవ్వాల్సిన కంపెనీ మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

ఇంగ్లీషు విషయంలో మీరు అనుకున్నదానికంటే మంచి స్థితిలో ఉన్నారు. ఈ పనిలో చదివే ఇంగ్లీషే ఎక్కువ, అది మీకు వచ్చు. నేను చూసిన ఫ్రెషర్లలో ఎక్కువమంది ఎర్రక్షరాల ఎర్రర్ కనిపించగానే దాన్ని చదవకుండా కాపీ చేసి గూగుల్‌లో వేసేవాళ్లే. ఆగి చదవండి. పైథాన్‌లో అయితే అసలు కారణం చివరి లైనులో ఉంటుంది. జావాలో "కాజ్డ్ బై" అని మొదలయ్యే లైన్లు వెతకండి, ఆఖరిది ముందు చదవండి. ఏ ఫైలు, ఎన్నో లైను అన్నది కూడా రాసి ఉంటుంది. మాట్లాడటానికి వస్తే, రోజూ స్టాండప్ అనే చిన్న మీటింగ్‌లో నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగాను అని మూడు వాక్యాలు చెప్పాలి. రోజూ చేసిన పని గురించి ఆ మూడు వాక్యాలూ ఇంగ్లీషులో ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తెలుగు మీడియంలో చదివి టీమ్ లీడ్‌లైనవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. యాస గురించి దిగులొద్దు, క్లయింట్ యాస మనకు అర్థం కావడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

మీ బావగారి మాటలో కొంత నిజం ఉంది, కొట్టిపారేయను. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి మా పని తీరు మారింది. ఫ్రెషర్లకు ఇచ్చే చిన్నచిన్న పనులు, ఒక ఫారం స్క్రీన్, ఒక రిపోర్టు, కొన్ని టెస్టులు, ఇప్పుడు టూల్ నిమిషాల్లో రాసిస్తుంది. దాంతో మొదటి మెట్టు ఎత్తు పెరిగింది. నాలుగు సింటాక్స్ ముక్కలు నేర్చుకుని చేరిపోదామనుకునేవాళ్లకు దారి ఇరుకైన మాట వాస్తవం. కానీ మీ ఖాతా పుస్తకం పనే దానికి అప్పజెప్పి చూడండి. "రెండు శాతం వడ్డీ" అని మాత్రమే రాస్తే అది సంవత్సరానికి రెండు శాతం అనుకునే అవకాశం ఎక్కువ. యాభై వేలకు ఆరు నెలలకు 500 రూపాయలని లెక్క కడుతుంది. మీ కొట్టు లెక్కలో అది 6,000. కోడ్ చక్కగా ఉంటుంది, ఎక్కడా ఎర్రర్ రాదు, జవాబు మాత్రం పన్నెండో వంతు. ముందు వడ్డీకి జమ చేయాలా, అసలుకా అన్నది కూడా చాలాసార్లు మిమ్మల్ని అడగదు, ఏదో ఒకటి తానే అనుకుని ముందుకెళ్లిపోతుంది. అది తప్పని పట్టుకోవాలంటే కోడ్ చదవడం రావాలి, కొట్టు లెక్కా తెలియాలి. రెండూ తెలిసినవాళ్లకు ఈ టూల్స్ పెద్ద బలం. నేర్చుకునే దశలో మాత్రం ముందు మీరు రాసి, తర్వాత దానికి చూపించి తప్పులు అడగండి. ఎందుకుందో చెప్పలేని లైను ఒక్కటి కూడా మీ ప్రాజెక్టులో ఉంచకండి.

డిగ్రీ అడ్డమా అంటే, కొన్ని తలుపుల దగ్గర అవును. వేరే కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే పెద్ద సర్వీస్ కంపెనీల క్యాంపస్ డ్రైవ్‌లు చాలావరకు బీటెక్, ఎంసీఏ వాళ్లకే, పైగా అరవై శాతం మార్కుల నిబంధన ఒకటి. చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు డిగ్రీ పేరును అంత పట్టించుకోవు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే, ఐసెట్ ద్వారా వెళ్లొచ్చు, కానీ ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలన్న షరతు కొన్నిచోట్ల ఉండొచ్చు. మీది సీఈసీ కాబట్టి నోటిఫికేషన్‌లో అర్హత దగ్గర జాగ్రత్తగా చదవండి. మద్రాస్ ఐఐటీ ఆన్‌లైన్ బీఎస్ కోర్సుకు జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ దాటితే చాలు. ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు, హార్వర్డ్ వాళ్ల సీఎస్50 అనే కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు ఉచితంగా చూడొచ్చు. అమెరికా ఆలోచన కూడా ఉంటే ఒక సంగతి: హెచ్1బీకి మూడేళ్ల డిగ్రీని అక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా సాధారణంగా తీసుకోరు, మూడేళ్ల అనుభవాన్ని ఒక ఏడాది చదువు కింద లెక్కగడతారు. అప్పుడు లెక్కకొచ్చేది నిజమైన అనుభవమే, కన్సల్టెన్సీ కాగితాలు కాదు. ఇరవై మూడు ఏళ్లకే ఆలస్యమైపోయిందని రాశారు, దానికి జవాబు రాయాల్సిన అవసరం కూడా లేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే డెవలపర్ ఉద్యోగమే అనుకోవడం ఇంకో పొరపాటు. టెస్టింగ్, ప్రొడక్షన్ సపోర్ట్ (నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండటం), బిజినెస్ అనలిస్ట్, శాప్ ఫైనాన్స్ (శాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంపెనీల ఖాతాలు నడపడం) లాంటివి కూడా ఇందులోనే ఉన్నాయి. శాప్ ఫైనాన్స్ వైపు కామర్స్ వాళ్లకు మొగ్గు ఉంటుంది. అవి తక్కువ పనులేం కావు. కాకపోతే డెవలపర్ అవుదామని సపోర్ట్‌లో చేరి, రాత్రి షిఫ్టుల్లో పడి అక్కడే నాలుగేళ్లు ఉండిపోయినవాళ్లు చాలామంది. ఆఫర్ వచ్చినప్పుడు ప్రాజెక్టులో పని ఏమిటని అడగడంలో తప్పు లేదు.

జీతం గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో అడుగుతారు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ మూడున్నర, నాలుగు లక్షల దగ్గరే ఏళ్లుగా ఆగిపోయింది. అందులో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ పే కూడా కలిపి చూపిస్తారు, నెలకు చేతికొచ్చేది పాతికవేల చుట్టుపక్కల. హాస్టల్, తిండి, బస్సు పోగా మొదటి ఏడాది ఇంటికి పంపేదేమీ పెద్దగా మిగలదు. యూట్యూబ్‌లో కనిపించే నలభై లక్షల ప్యాకేజీలు నిజమే, వాటిని పొందేవాళ్లు కొద్దిమంది, వాళ్ల దారి వేరు. రెండు మూడేళ్లు పని నేర్చుకున్నాక జీతం మారే వేగం మాత్రం ఈ రంగంలో బాగుంటుంది.

కాబట్టి కొట్టు ఇప్పుడే వదలొద్దు, కోర్సు ఫీజు కూడా ఇప్పుడే కట్టొద్దు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు, ఎనభై వేలది అక్కర్లేదు. జావా బేసిక్స్, ఎస్‌క్యూఎల్, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఉచిత పాఠాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు గంటలు మూడు నెలలు కూర్చోండి. అప్పటికీ కూర్చోబుద్ధి అవుతుంటే కోర్సు సంగతి ఆలోచించండి, అప్పుడు కోర్సు కూడా బాగా ఎక్కుతుంది. ప్రాజెక్ట్ కోసం ఎక్కడా వెతకొద్దు, ఖాతా పుస్తకమే మీ ప్రాజెక్ట్. ముందు పేరు, తేదీ, బస్తాలు, మొత్తం ఎక్కించేంత వరకు చేయండి. వడ్డీ తర్వాత. సగం జమలు ఆ తర్వాత. కొంతమంది ఖాతాలను పుస్తకంతో పాటు ఇందులోనూ నడపండి, రెండింట్లో తేడా వచ్చిన చోట ఎందుకొచ్చిందో ఒక ఫైలులో రాసుకోండి. ఇంటర్వ్యూలో షాపింగ్ కార్ట్ కంటే ఆ ఫైలు గురించే నేను ఎక్కువసేపు అడుగుతాను.

కోడ్ నలుగురికీ చూపించడానికి గిట్‌హబ్ సైటులో పెట్టేటప్పుడు మాత్రం రైతుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు తీసేసి ఉత్తుత్తి డేటా పెట్టండి. ఇది మొదటి కమిట్‌కు, అంటే గిట్‌లో మొదటిసారి భద్రపరచడానికి, ముందే చేయాలి. ఒకసారి ఎక్కాక తర్వాత ఫైలు తుడిచేసినా పాత చరిత్రలో అలాగే ఉండిపోతాయి.